కుటుంబానికి వంద రోజులు, ఆమెకి ఎన్ని?

ప్రభుత్వ కాగితాలని సాహిత్యం చదివినట్టు చదవొచ్చా అన్న ప్రశ్న స్త్రీవాద విమర్శకి కొత్తది కాదు. తెలంగాణ సాయుధ పోరాటంలో పాల్గొన్న స్త్రీల మాటల్ని 'మనకు తెలియని మన చరిత్ర' (1986) గా తెచ్చినప్పుడే, రాసిపెట్టిన చరిత్రలో ఖాళీలు ఎక్కడున్నాయో, అవి ఎవరి గొంతుతో నిండాలో స్త్రీశక్తి సంఘటన చూపించింది. కానీ కరువు, ఆర్థిక మాంద్యం, సహాయ పథకాల విషయానికొచ్చేసరికి మనం ఆ పద్ధతిని ఎందుకో పక్కన పెట్టేశాం. జీవోలు, మస్టర్ రోళ్లు ఆర్థికవేత్తలకి వదిలేసి, కన్నీళ్లు మాత్రం మనం తీసుకున్నాం. ఈ పంపకం ఎవరికి మేలు చేసిందో ఆలోచించాల్సి ఉంది.

నేను చదవదలుచుకున్న పాఠం తుంగభద్రకి ఈవల, ఒకప్పటి ఆలంపూర్ తాలూకాలోని వడ్డేపల్లి చుట్టుపక్కల ఊళ్లది. నదికి ఆవల కర్నూలు. రాజోలిబండ దగ్గర మళ్లించిన నీళ్లు గద్వాల, ఆలంపూర్ ప్రాంతాల్లో 87,500 ఎకరాలు తడపాలి. కాలువ చివరనున్న ఊళ్లకి ఆ అంకె కాగితం మీదే ఎక్కువ అందింది. నది పక్కనే ఉండి కరువు ప్రాంతమనిపించుకోవడం ఎలాంటిదో ఇక్కడివాళ్లని అడగాలి.

పాలమూరు అనగానే మన సాహిత్యంలో ఒక బొమ్మ స్థిరపడిపోయింది. దేశంలో ఎక్కడ ఆనకట్ట కట్టినా అక్కడ పాలమూరు కూలీ ఉన్నాడంటారు. 'ఉన్నాడు' అనే అంటారు. ఆ క్రియాపదం చివర ఉన్న 'డు' మీద మన విమర్శకులెవరూ పెద్దగా ఆగినట్టు లేదు. గుంపు మేస్త్రీ అడ్వాన్సు ఇచ్చి తీసుకుపోయిన వాళ్లలో ఆడవాళ్లూ ఉన్నారు, తట్టలు మోశారు, డేరాల్లో కాన్పులయ్యారు. వలస కూలీ వ్యవస్థలో భార్యాభర్తల్ని జంటగా లెక్కగట్టి అడ్వాన్సు ఇవ్వడం మామూలు. ఆ అడ్వాన్సు చేతికి తీసుకునేది ఆయన, తీర్చేది ఇద్దరూ. 2003 లో పి. సాయినాథ్ మహబూబ్‌నగర్ నుంచి ముంబై వెళ్లే బస్సు గురించి రాశారు. పదేళ్ల కిందట వారానికి ఒక్కటి తిరిగిన బస్సు అప్పటికి ముప్ఫై దాటింది. ఆ బస్సు మన కథల్లోకీ కవితల్లోకీ వచ్చింది. కానీ ఎక్కేది అతను, బస్టాండులో నిలబడి కొంగు నోటికి అడ్డం పెట్టుకునేది ఆమె.

గోరటి వెంకన్న 'కుబుసం' (2002) సినిమాకి రాసిన పాట తెలియనివాళ్లు తెలుగులో ఉండరేమో. ప్రపంచీకరణ మీద ఇంతగా జనంలోకి పోయిన విమర్శ మరొకటి లేదు. పాలమూరు మట్టిలోంచి వచ్చిన కవి ఆయన. కుమ్మరి, కమ్మరి, వడ్రంగి, సాలె వృత్తులు కూలిపోతున్న క్రమం ఆ పాటలో వరసగా కనిపిస్తుంది. అదే పాటలో పల్లె మొత్తం తల్లి. ఆ తల్లి బందీ అవుతుంది, ఏడుస్తుంది. నాకు పాట మీద గౌరవం ఉంది, ఎక్కడ విన్నా నిలబడి వింటాను. అయినా ఒక మాట అనాలి. ఊరంతా స్త్రీ అయిపోయినప్పుడు ఊళ్లో ఉన్న స్త్రీలు ఏమవుతారు? కుమ్మరి వామి ఆరిపోవడం కనిపిస్తుంది, మట్టి తొక్కిన ఆమె కాళ్లు కనిపించవు. మగ్గం ఆగిపోవడం కనిపిస్తుంది, ఆసుపోసిన చేతులు, కండెలు చుట్టిన చేతులు కనిపించవు. 2009 అక్టోబరులో తుంగభద్ర ముంచెత్తినప్పుడు రాజోలిలో మగ్గం గుంటల్లోకి నీళ్లు చేరాయి. ఆ వరద గురించి మాట్లాడేటప్పుడు కూడా మనం మగ్గాల లెక్కే చెప్పుకున్నాం. దుఃఖానికి ప్రతీకగా స్త్రీ, నష్టానికి లెక్కగా పురుషుడు - ఈ విభజన కవులది మాత్రమే కాదు. ప్రభుత్వానిదీ ఇదే అలంకారశాస్త్రం.

ఈ శాస్త్రం పాతదే. 1876-78 నాటి ధాత కరువులో కర్నూలు ప్రాంతం దారుణంగా దెబ్బతింది. మద్రాసు రాజధానిలో కరువు పనులకి 1877 లో సర్ రిచర్డ్ టెంపుల్ పెట్టిన కూలి మగవాడికి రోజుకి ఒక పౌను ధాన్యం, ఒక అణా. ఆడవాళ్లకీ పనిచేసే పిల్లలకీ అంతకంటే తక్కువ. బకింగ్‌హాం కాలువ పనుల్లో కొంత భాగం అలా అర్ధాకలితో జరిగిందే. తర్వాత 1880 కమిషన్, దాని వెంట కరువు నియమావళి వచ్చాయి. కడుపు ఎంత చిన్నదైతే బతుకుతారో కొలిచిన ఆ లెక్కలో ఆడకడుపు చిన్నదని ముందే నిర్ణయమైపోయింది. పాలిచ్చే తల్లి కడుపు గురించి టెంపుల్ దొరగారికి తెలియకపోవచ్చు. ఆయన ఇంట్లో వాళ్లకైనా తెలిసే ఉండాలి.

ఇక 1930ల ఆర్థిక మాంద్యం. అమెరికాలో రూజ్‌వెల్ట్ ప్రభుత్వం 1933 నుంచి తెచ్చిన సహాయ, సంస్కరణ పథకాలు ఇవాళ్టికీ అందరూ చూపించే నమూనా. మన ఉపాధి హామీ గురించి మాట్లాడేవాళ్లు కూడా వాటిని తలుస్తారు. స్త్రీల వైపు నుంచి చదివితే ఆ నమూనాలో మనకి బాగా తెలిసిన వాక్యమొకటి ఎదురవుతుంది - ఇంటికొక్కరికే పని. 1935 లో మొదలైన డబ్ల్యూపీఏలో కుటుంబంలో ఒక్కరికే ఉద్యోగం. ఆ ఒక్కరూ ఇంటి పెద్ద. భర్త బతికుండి పని చెయ్యగలిగినంత కాలం భార్య ఇంటి పెద్ద కాదు. పని దొరికిన స్త్రీలలో చాలామందిని కుట్టు గదుల్లో కూర్చోబెట్టారు. అడవుల్లో చెట్లు నాటించిన సీసీసీ శిబిరాలు యువకులకి మాత్రమే. 1935 నాటి సామాజిక భద్రతా చట్టం వ్యవసాయ కూలీలనీ ఇళ్లల్లో పనిచేసేవాళ్లనీ వదిలేసింది. అంటే నల్లజాతి స్త్రీలలో అత్యధికులని వదిలేసింది. వాళ్ల పేరు ఎత్తకుండానే ఆ పని జరిగిపోయింది. చట్టాల భాషలో ఇది గమనించాల్సిన నేర్పు.

అప్పుడే మెరిడెల్ లెస్యూర్ అనే రచయిత్రి 1932 లో 'న్యూ మాసెస్' పత్రికలో 'విమెన్ ఆన్ ది బ్రెడ్‌లైన్స్' అనే వ్యాసం రాసింది. రొట్టె కోసం నిలబడిన వరసల్లో మగవాళ్లే ఉన్నారు, మరి పని పోయిన ఆడవాళ్లు ఎక్కడికి పోయారు అన్నది ఆమె ప్రశ్న. పని దొరుకుతుందేమోనని ఒక గదిలో గంటలకొద్దీ కూర్చున్న స్త్రీల ముఖాల్ని ఆమె రాసింది. ఆ వ్యాసం వేస్తూనే సంపాదకులు కింద ఒక మాట జోడించారు. ఇందులో నిరాశ ఎక్కువ, పోరాట స్ఫూర్తి లేదు అని. మన దగ్గర విప్లవ పత్రికలకి కథలు పంపిన రచయిత్రులు ఇది చదివి నవ్వుకుంటారు. ఆ నవ్వు నాకు వినిపిస్తోంది.

అదే కాలంలో, 1936 లో, ప్రభుత్వ పునరావాస సంస్థ కోసం డొరోతియా లాంగ్ కాలిఫోర్నియాలో ఒక వలస తల్లిని ఫొటో తీసింది. 'మైగ్రెంట్ మదర్' పేరుతో ప్రపంచమంతా తెలిసిన ఫొటో అది. నలభై ఏళ్లకి పైగా ఆమె పేరు లోకానికి తెలియదు. 1978 లో తెలిసింది, ఫ్లోరెన్స్ ఓవెన్స్ థాంప్సన్ అని. ఆ బొమ్మ వల్ల తనకి ఒక్క పైసా రాలేదని ఆమె చెప్పుకుంది. పథకాలని సమర్థించడానికి ఆమె ముఖం కావాలి, పథకంలో ఆమె పేరు అక్కర్లేదు. ఇదంతా అమెరికాకే పరిమితమైతే నేను ఇంత చోటు ఇచ్చేదాన్ని కాదు.

మన రాష్ట్రానికొద్దాం. 1999 లో 'విజన్ 2020' ప్రకటించిన ప్రభుత్వమే 2001 లో పనికి ఆహార పథకాన్ని పెద్ద ఎత్తున మొదలుపెట్టాల్సి వచ్చింది. సంస్కరణల వెలుగు అంచున ఎంత ఆకలి ఉందో ఆ బియ్యం బస్తాలే చెప్పాయి. పనులు కాంట్రాక్టర్ల చేతికిపోయాయి, మట్టి యంత్రాలు తవ్వాయి, బియ్యం బజారుకి చేరాయి. 2004 లో ప్రభుత్వం మారింది. ఆ ఏడాదే 421 నంబరు జీవో వచ్చింది. ఆత్మహత్య చేసుకున్న రైతు కుటుంబానికి లక్ష రూపాయలు, అప్పుల పరిష్కారానికి 50 వేలు. 2015 లో తెలంగాణ ప్రభుత్వం దాన్ని 6 లక్షలు చేసింది. ఆ సాయం అందాలంటే చనిపోయింది రైతని రుజువు కావాలి. పట్టా లేని కౌలుదారుకే అది కష్టం. చేలో పొద్దంతా పనిచేసి, సంఘంలో అప్పు తెచ్చి, ఆ అప్పు తీరక పురుగుల మందు తాగిన స్త్రీ చాలాసార్లు కాగితంలో గృహిణి అయిపోతుంది. 'అన్నదాత' మీద మన కవిత్వంలో ఎన్ని పుటలున్నాయో చూడండి, అందులో ఆమె ఎక్కడుందో వెతకండి.

జాతీయ ఉపాధి హామీ పథకం 2006 ఫిబ్రవరి 2న అనంతపురం జిల్లా బండ్లపల్లిలో మొదలైంది. తొలి విడత 200 జిల్లాల్లో మహబూబ్‌నగర్ ఉంది. ఈ చట్టాన్ని మధ్యతరగతి మేధావులు సోమరితనానికి జీతమన్నారు. వాళ్లతో నాకు వాదన లేదు, వాళ్లని ఎండలో గడ్డపారతో గంట నిలబెడితే చాలు. నా వాదన చట్టాన్ని సమర్థించే మనవాళ్లతో.

చట్టంలో గొప్ప మాటలున్నాయి. పని పొందేవాళ్లలో మూడోవంతు స్త్రీలుండాలన్నారు, ఉమ్మడి రాష్ట్రంలో సగం దాటారు. ఆడామగకి ఒకే రేటు. ఊరికి 5 కిలోమీటర్ల లోపు పని. ఆరేళ్ల లోపు పిల్లలు ఐదుగురుంటే వాళ్లని చూసుకోవడానికి ఒక మనిషిని పెట్టాలి, ఆ మనిషికీ కూలి ఇవ్వాలి. పిల్లల్ని చూసుకోవడం పని అని, దానికి కూలి ఉంటుందని భారత రాజ్యం ఒక షెడ్యూలులో ఒప్పుకున్న క్షణం అది. ఆ వాక్యం ఎంతమంది స్త్రీవాదుల దృష్టికి వచ్చిందో! అమలు కాలేదు గనక మనం పట్టించుకోలేదేమో. అమలు కాని వాక్యాలనే కదా మనం ఎక్కువ చదవాలి.

అదే చట్టంలో ఇంకో వాక్యం, కుటుంబానికి వంద రోజులు. మనిషికి కాదు. డబ్ల్యూపీఏ నాటి ఇంటి పెద్ద ఇక్కడ కనిపించడు, ఇల్లు మాత్రం అలాగే ఉంది. ఇంట్లో నలుగురు పెద్దవాళ్లుంటే వంద రోజుల్ని నలుగురు పంచుకోవాలి. అత్తకెన్ని, కోడలికెన్ని అన్నది ఏ అధికారీ రాయడు, వంటింట్లో తేలుతుంది. దేశంలో సగటున ఒక కుటుంబానికి దొరికింది ఏటా 50 రోజుల చుట్టూనే తిరిగింది. ఆ యాభైలో ఆమెవి ఎన్నో లెక్కించుకోండి.

ఇక కొలత. మట్టి పనికి కూలి గంటల లెక్కన కాదు, తవ్విన ఘనపు మీటర్ల లెక్కన. ఒకరు తవ్వాలి, ఒకరు మొయ్యాలి. జంట ఉంటే పని సాగుతుంది. భర్త వదిలేసినామె, విధవ, పెళ్లి కాని పెద్ద వయసామె ఎవరితో జంట కట్టాలి? చట్టం ఆమెకి హక్కు ఇచ్చింది, కొలత ఆమెకి మొగుణ్ణి అడిగింది. వడ్డేపల్లి పక్క ఊళ్లో ఒకామె ఈ మాట నాకంటే బాగా చెప్పింది. "తవ్వేటోడు లేకుంటే గంప దేనితో నింపుకుందు మేడం? గాలితోనా?"

అయితే పని ఏమిచ్చిందని అడిగితే మొదట కూలి సంగతి చెప్పలేదు వాళ్లు. "రెడ్డితాన అడుక్కునే పన్లేకుండె" అన్నారు. ఎండాకాలం నాలుగు వారాలు చెరువు పూడిక పని ఉంటే, చేనుకి పిలిచేవాళ్లు కూలి పెంచి పిలవాల్సి వచ్చేది. వద్దని చెప్పగలగడం - ఆ ప్రాంతపు దళిత స్త్రీ జీవితంలో అది ఎంత కొత్త క్రియాపదమో గోగు శ్యామల కథలు చదివినవాళ్లకి వేరే చెప్పక్కర్లేదు. ఆ కథల్లో మాదిగ తల్లి ప్రతీక కాదు, పనిమనిషిగా కాక పని చేసే మనిషిగా నిలబడుతుంది. కరువు సాహిత్యానికి కొలబద్ద పెట్టాల్సి వస్తే నేను అక్కణ్ణుంచి మొదలుపెడతాను.

ఇంకో పాఠం కూడా ఉంది, సాహిత్యమని ఎవరూ అనని పాఠం. అమెరికాలో 1935 నాటి రచయితల పథకం పని లేని రచయితలకి జీతమిచ్చి ఊళ్ల మీదికి పంపింది. జోరా నీల్ హర్‌స్టన్ ఫ్లోరిడాలో ఆ పనిలోనే ఉంది. బానిసత్వంలో పుట్టినవాళ్ల కథనాలు 2,300 దాకా అలా నమోదయ్యాయి. మన ప్రభుత్వాలకి రచయితలతో ఆ అవసరం పడలేదు. కానీ 2006 నుంచి ఆంధ్రప్రదేశ్‌లో సామాజిక తనిఖీ మొదలైంది. కూలీ ఇళ్లలోంచి వచ్చిన చదువుకున్న పిల్లలు మస్టర్లు పట్టుకుని ఇల్లిల్లూ తిరిగారు, పేర్లు పైకి చదివారు, చివరికి మండల ప్రజావేదికలో కూలీల చేత చెప్పించారు. చచ్చిపోయినవాళ్ల పేరున కూలి ఎత్తారని, వేలిముద్ర తనది కాదని, పోస్టాఫీసులో వంద రూపాయలు పట్టుకున్నారని అధికారి ముఖం మీద మైకులో చెప్పిన స్త్రీ కథనంలో ఎంత నిర్మాణం ఉందో! తేదీ, చోటు, ఎవరున్నారు, ఎంత. విశేషణాలు ఉండవు. ఆలంపూర్ తాలూకాకే చెందిన సురవరం ప్రతాపరెడ్డి నిజాం తెలంగాణలో కవులు లేరన్న మాటకి జవాబుగా 1934 లో 354 మంది కవులతో 'గోలకొండ కవుల సంచిక' తెచ్చారు. ప్రజావేదికల్లో మాట్లాడిన స్త్రీలకి అలాంటి సంచిక ఎవరు తెస్తారు? ఆ నివేదికలు దుర్వినియోగమైన సొమ్మెంతో చెబుతాయి. ఆమె వాక్యాన్ని మాత్రం మింగేస్తాయి.

వడ్డేపల్లికి సంబంధించి ఇక్కడొక మలుపుంది. 2018 లో అది మున్సిపాలిటీ అయింది. ఉపాధి చట్టం గ్రామీణ ప్రాంతాలకి మాత్రమే. గీత ఇటు జరిగేసరికి జాబ్ కార్డు పాత కాగితమైంది. ఊరు పట్టణమైనందుకు చేను, ఎండ, కూలి ఏమీ మారలేదు. "కార్డు యాడ పెట్టాల్నో తెల్వక బియ్యం డబ్బాలో ఏసిన" అంది ఒక పెద్దావిడ. కేరళ 2010 లోనే పట్టణ కూలీలకి ఇలాంటి పథకం తెచ్చింది, ఇక్కడ అలాంటి ఆలోచన రాలేదు. రెండేళ్లకే కరోనా లాక్‌డౌన్. 2020 ఏప్రిల్ నుంచి మూడు నెలలు స్త్రీల జన్‌ధన్ ఖాతాల్లో నెలకి 500 రూపాయలు వేశారు. ఉపాధి కూలి 211 నుంచి 237 కి పెరగడాన్ని కూడా ఏటా మామూలుగా జరిగే సవరణ అనకుండా సహాయ ప్యాకేజీలో కలిపి ప్రకటించారు. ఆ ఏడాది దేశం మొత్తమ్మీద 389 కోట్ల పనిదినాలు నడిచాయి. వడ్డేపల్లి వార్డుల్లో ఆడవాళ్లకి అందులో ఒక్క రోజు కూడా లెక్కలో లేదు. ఎటు పోవాలి? సీడుపత్తి చేలకి.

సీడుపత్తి గురించి ఇక్కడివాళ్లకి చెప్పక్కర్లేదు, బయటివాళ్లకి చెప్పాలి. సంకర పత్తి విత్తనం తయారవ్వాలంటే ప్రతి పువ్వుకీ చేత్తో క్రాసింగ్ చెయ్యాలి. రెండు మూడు నెలలు తెల్లారుజామునుంచి వంగి నిలబడాలి. చిన్న వేళ్లు కావాలని ఆడపిల్లల్ని పెట్టుకున్న చరిత్ర ఇది. తల్లికి అడ్వాన్సు, పిల్లకి చేను. కంపెనీకీ చేనుకీ మధ్య ఆర్గనైజరు. పూత రోజుల్లో కూలి దొరక్కపోతే పంట పోతుంది, అందుకే ఆ రోజుల్లోనే కూలికి బేరమాడే బలం వస్తుంది.

ఇప్పుడు 2025 డిసెంబరులో పార్లమెంటు ఉపాధి హామీ చట్టం స్థానంలో తెచ్చిన కొత్త చట్టాన్ని చదవండి. వంద రోజులు 125 అయ్యాయి. దానికే అందరం సంతోషించాలి. అదే చట్టంలో, వ్యవసాయ పనులు ముమ్మరంగా ఉండే కాలంలో ఏడాదికి మొత్తం 60 రోజులదాకా పథకం పనులు ఆపడానికి వీలుంది. రైతులకి కూలీలు దొరకాలని. వద్దని చెప్పగల రోజులు ఏవో సరిగ్గా ఆ రోజులే తీసేశారు. పని ఇచ్చే చట్టం, పని కొనేవాళ్ల కోసం ఆగుతుంది. కుటుంబమే కొలతగా ఇందులోనూ ఉంది.

ఫొటో మాట కూడా చెప్పి ఆపుతాను. 2023 జనవరి నుంచి పనిచోట హాజరు ఫోనులో, రోజుకి రెండుసార్లు ఫొటో తీసి ఎక్కించాలన్నారు. పొద్దున ఒకటి, మధ్యాహ్నం ఒకటి. అంతకు ముందు తెల్లవారే వచ్చి, తమ కొలత పూర్తిచేసి, పదిగంటలకి పొయ్యి దగ్గరికి పోయే ఆడవాళ్లు రెండో ఫొటో కోసం గట్టు మీద కూర్చోవాలి. సిగ్నల్ దొరక్కపోతే కూలి పోతుంది. ఫొటోకి ఫొటో తీసి పెడుతున్నారని, సంబంధం లేని బొమ్మలు ఎక్కిస్తున్నారని 2025 లో కేంద్ర శాఖే తన సర్క్యులర్‌లో రాసుకుంది. మోసం చేసేవాళ్లకి ఫోను అడ్డం కాలేదు. ఆ మండలంలో పంచాయతీగా మిగిలిన ఒక ఊళ్లో, మధ్యాహ్నం ఫొటో కోసం తుమ్మచెట్టు కింద ఎదురుచూస్తున్న స్త్రీలతో కాసేపు కూర్చున్నాను. ఇద్దరు చంటిపిల్లల్ని కొంగు ఊయలల్లో వేశారు. పిల్లల్ని చూస్తున్న ముసలామెకి ఆ రోజు మస్టరులో పేరు లేదు. ఎందుకు లేదని అడిగాను. "నేను పని చేస్తలేను గద బిడ్డా, ఊకె కూసున్న" అంది, ఊయలకి కట్టిన తాడు లాగుతూ.